గుహల మీద మనసు పడ్డ అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది నరసన్నపేట. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. బొర్రా గుహలు చూసొచ్చినప్పటి నుంచి గుహలు, భూమి లోపలి సరస్సుల గురించే చదువుతానంటోంది. ఇంజినీరింగ్ వద్దంటోంది. ఈ చదువుతో ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: గుహల శాస్త్రవేత్త కావాలంటూ మన దగ్గర నోటిఫికేషన్ పడదు. కానీ అమ్మాయి ఇష్టపడ్డ పనికి సరిపోయే చదువు ఉంది. అది జియాలజీ (భూగర్భ శాస్త్రం), అందులోనూ భూగర్భ జలాలను చూసే హైడ్రోజియాలజీ. గుహను తొలిచేదీ, అందులో సరస్సై నిలిచేదీ నీరే కదా.

బొర్రాలో గుహ ఏర్పడిందంటే అక్కడ సున్నపురాయి ఉండబట్టే. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలుచని ఆమ్లమవుతుంది, రాతిని కరిగిస్తూ దిగుతుంది. గుహ కప్పుకు వేలాడే చుక్క ఆ వాయువును వదిలేయగానే కరిగిన సున్నం మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. నమీబియాలో 1986లో బయటపడ్డ డ్రాగన్స్ బ్రెత్ గుహలో దాదాపు 2 హెక్టార్ల సరస్సు ఉంది. అదీ డోలమైట్ అనే కరిగే రాయిలోనే. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కువగా ఉన్నవి ఖోండలైట్, చార్నకైట్ లాంటి గట్టి రాళ్ళు. వాటిలో నీరు సరస్సులా నిలవదు. పైన కుళ్ళిన రాతి పొరలో, కింద పగుళ్ళలో దాక్కుంటుంది. దాన్ని వెతికి చూపించడమే ఇక్కడి జియాలజిస్టు పని.

ఎలా వెతుకుతారంటే, నేలలో నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరసలో దిగ్గొడతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపే కొద్దీ లోతు పొరల సంగతి తెలుస్తుంది. రెసిస్టివిటీ, అంటే కరెంటుకు నేల చూపే అడ్డు, తగ్గితే నీరు ఉండొచ్చు. పొరపాటు జరిగేది కూడా ఇక్కడే. బంకమట్టి ఉన్నా తగ్గుతుంది, కళింగపట్నం లాంటి తీర గ్రామాల్లో ఉప్పునీరు తగిలినా తగ్గుతుంది. మిషను అంకె ఒక్కటే చూసి బోరు వేయించిన రైతు నష్టపోతాడు. పక్క బావులు, రాతి పగుళ్ళ వాలు కూడా చూడగలిగినవాడే పనికొస్తాడు. అది రావాలంటే జియాలజీ గట్టిగా చదవాలి.

ఇక దారులు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో జియాలజీ కోర్సులున్నాయి. రాకపోతే బీఎస్సీ జియాలజీ. అది అన్ని డిగ్రీ కాలేజీల్లోనూ ఉండదు. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్ళి ల్యాబు చూడండి. రాళ్ళ నమూనాలు, రాతి పలచని ముక్కల్ని చూసే మైక్రోస్కోపు లేని చోట చేర్చకండి. డిగ్రీ తర్వాత పీజీ సెట్ రాసి ఆంధ్ర యూనివర్సిటీకి వెళ్ళవచ్చు. అక్కడి జియాలజీ శాఖ 1941 నాటిది. లేదా ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం పెట్టే జామ్ పరీక్ష రాయవచ్చు.

పీజీ తర్వాత యూపీఎస్సీ వారి కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంటుంది. ప్రిలిమ్స్ 400 మార్కులు, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200. గెలిస్తే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గానీ కేంద్ర భూగర్భ జల మండలి గానీ. బీటెక్ సివిల్ చేసి తర్వాత నేరుగా ఇటు మారదామనుకుంటే కుదరదు. జియాలజిస్టు పోస్టుకు జియాలజీలో గానీ దాని అనుబంధ శాఖల్లో గానీ పీజీ అడుగుతారు.

పరిశోధన వైపు మనసుంటే గుహలే పెద్ద గ్రంథాలయం. మేఘాలయలోని మామ్లూ గుహలో నేల నుంచి పెరిగిన సున్నపు స్తంభం ఆధారంగానే దాదాపు 4,200 ఏళ్ళ క్రితం మొదలైన భూచరిత్ర ఘట్టానికి 2018లో మేఘాలయన్ అని పేరు ఖాయమైంది.

చదివిందల్లా నమ్మకుండా సరిచూసుకోవడం కూడా అమ్మాయికి ఇప్పుడే అలవాటు చేయండి. బొర్రా గుహలను 1807లో జియలాజికల్ సర్వే అధికారి కనుగొన్నారని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో!

ఈసారి కొత్తవలసలో కిరండూల్ లైను బండి ఎక్కించి బొర్రాకు తీసుకెళ్ళండి. గుహ కప్పుకు కారుతున్న ఒక చుక్కను గుర్తుపెట్టుకుని, రెండు నిమిషాల్లో ఎన్ని పడ్డాయో నోట్‌బుక్కులో తేదీతో రాయమనండి. వానల తర్వాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. ఆ రాళ్ళను చేత్తో తాకనివ్వకండి. చేతి జిడ్డు అంటుకుంటే రాయి పెరుగుదల దెబ్బతింటుంది.