లైసెన్స్ లేనివాళ్ల చేతికి బండి

ప్రశ్న: మా బావమరిది నా బైక్ తీసుకెళ్లి ఒకాయన్ని గుద్దాడు. వాడికి లైసెన్స్ లేదు. బండికి ఇన్సూరెన్స్ ఉంది. కేసు నాకూ చుట్టుకుంటుందా?

జవాబు: చుట్టుకుంటుంది. మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ కింద నడిపినందుకు అతనికి, 180 కింద బండి ఇచ్చినందుకు మీకు, విడివిడిగా రూ.5,000 జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర. నడిపినవాడికి లైసెన్స్ లేదు కాబట్టి, కంపెనీ ముందు బాధితుడికి పరిహారం కట్టి, తర్వాత ఆ సొమ్మును మీ నుంచి వసూలు చేసుకునేలా ట్రిబ్యునళ్లు (ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టులు) తరచూ ఆదేశిస్తాయి. అది లక్షల్లో ఉండొచ్చు. మీకు చెప్పకుండా తాళం తీసుకెళ్లి ఉంటే (నిజంగా అలా జరిగితేనే) మొదటి వాంగ్మూలంలోనే చెప్పండి. ఇప్పుడు హడావిడిగా లైసెన్స్ తీయించినా పాత తేదీకి చెల్లదు. అతను మైనరైతే బండి యజమానిగా మీకు 199ఎ సెక్షన్: రూ.25,000 జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు.