సీజ్దా బెదర్‌కి పిలిచారా? గోధుమలు నానబోయండి

పక్కింటి ఇరానీ వాళ్ళు సీజ్దా బెదర్ పిక్నిక్‌కి పిలిచారు, మేం శాకాహారులం, వెళ్ళొచ్చా, ఏం తీసుకెళ్ళాలి అని అడిగారు కదా. తప్పకుండా వెళ్ళండి. 2017లో కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఉన్నప్పుడు మమ్మల్ని ఇలాగే పిలిచారు. ఉగాది అయి వారం కూడా కాలేదు.

సీజ్దా అంటే పదమూడు. వాళ్ళ కొత్త సంవత్సరం నౌరూజ్ మొదలైన పదమూడో రోజు ఇంట్లో ఉంటే మంచిది కాదని ఊరు ఊరంతా చెట్లూ నీళ్ళూ ఉన్న చోటికి వెళ్ళిపోతారు. సాధారణంగా ఏప్రిల్ 2న వస్తుంది, కొన్నేళ్ళు 1నే. ఇరాన్ ప్రభుత్వ క్యాలెండర్‌లో దీన్ని ప్రకృతి దినం అంటారు, సెలవు కూడా.

తిండికి టెన్షన్ వద్దు. కబాబులు కాలుస్తారు, నిజమే. కానీ ఆశ్ రెష్తే అని సేమ్యాలాంటి పోగులు, శనగలు, రాజ్మా, ఆకుకూరలు వేసి చిక్కగా కాచే సూప్ ఉంటుంది. కొందరు అందులో మాంసం రసం పోస్తారు, ముందే అడగండి. పాల నుంచి చేసే పుల్లటి కష్క్ కూడా పైన వేస్తారు. నాకు బాగా నచ్చింది సెకంజబీన్. పంచదార, వెనిగర్, పుదీనాతో చేసిన పాకం అది. లెట్యూస్ ఆకు అందులో ముంచి తినాలి. ఎండలో కూర్చుని తింటుంటే ఎన్ని ఆకులు తిన్నానో!

మీకు ఇంకా పది రోజులుంటే గోధుమలు నానబోసి, తడిబట్ట పరిచిన పళ్ళెంలో మొలిపించండి. దాన్ని సబ్జె అంటారు. వాళ్ళు నౌరూజ్‌కి ముందే పెంచి, ఎర్ర రిబ్బన్ కట్టి ఇంట్లో ఉంచుతారు. ఆ రోజు గడ్డి ముడి వేసి మనసులో కోరిక అనుకుని, పారే నీళ్ళలో వదులుతారు. మన పెళ్ళి పాలికలు నీళ్ళలో కలిపినట్టే. పెళ్ళి కాని అమ్మాయిలు ముడి వేస్తుంటే, వచ్చే ఏటికి అత్తారింట్లో చంకన బిడ్డతో ఉంటావని పెద్దవాళ్ళు ఆటపట్టిస్తారు.

నేను ఇక్కడే పొరపాటు చేశాను. అంత పచ్చగా పెరిగిన మొలకల్ని పారేయడం మనసొప్పక కుండీలో పెట్టుకుందామని ఇంటికి తెచ్చేయబోయాను. మా పాప ఖాలే, అంటే పిన్ని, అని పిలిచే ఇంటావిడ గట్టిగా చేయి పట్టుకుని ఆపారు. ఇంట్లోని పీడ, అనారోగ్యం అంతా అది లాగేసుకుంటుందట, వెనక్కి తేకూడదట. ఇంకొకరి సబ్జె ముట్టుకోకూడదు కూడా. పిల్లలకి ముందే చెప్పండి. నీళ్ళలో వదిలేముందు రిబ్బన్ విప్పేయండి. పార్కు వాళ్ళు ఒప్పుకుంటారో లేదో కూడా కనుక్కోండి.

ఇంకోటి. ఆ రోజు సరదాకి అబద్ధాలు ఆడతారు, ఎవరేం చెప్పినా వెంటనే నమ్మకండి.

పొద్దున్నే వెళ్ళి సాయంత్రం టీ తాగేదాకా ఉండండి. మాకు కార్తీక వనభోజనాలు గుర్తొచ్చాయి. ఖాళీ చేతులతో వెళ్ళకుండా పులిహోర పట్టుకెళ్ళండి. మేం పట్టుకెళ్ళిన గిన్నె మధ్యాహ్నానికే ఖాళీ అయింది. వాళ్ళ అమ్మమ్మ రుచి చూసి ఈ పులుపేమిటని అడిగారు. చింతపండు చూపించగానే 'తమ్రె హెందీ' అని నవ్వారు, ఇండియా ఖర్జూరం అని అర్థమట. మర్నాడు సగం ప్యాకెట్ ఆవిడకి పంపించాను.