ఇంటి ముందు ఆరున్నర, ఎయిర్‌పోర్టులో నాలుగున్నర: మంచు కొలతల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మంచు మీదే. న్యూజెర్సీ, బఫెలో వాళ్లు అడిగారంటే సరే, లంబసింగి మీద కూడా ఒకటి వచ్చింది. అందుకని మిగతావి పక్కన పెట్టి ఈ నెల మొత్తం ఇదే మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేం ఎడిసన్‌లో ఒక టౌన్‌హౌస్ కమ్యూనిటీలో ఉంటాం. మంచు తీసే కాంట్రాక్టర్‌కి ఇంచుల లెక్కన కడతాం. నాలుగు నుంచి ఆరు దాకా ఒక రేటు, ఆరు దాటితే ఇంకో రేటు. మొన్న పడ్డదానికి అతను ఆరున్నర అని బిల్లు పంపాడు. నేను మా డ్రైవ్‌వేలో స్కేలు పెట్టి చూస్తే అయిదు మీద కాస్త ఉంది, అంతే. నెవార్క్ ఎయిర్‌పోర్టులో నాలుగున్నర అని టీవీలో చెప్పారు. అసోసియేషన్ మీటింగ్‌లో పెద్ద గొడవ. ఎవరిది కరెక్టు?
(ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు, వచ్చిన చిక్కే అది. వాన డబ్బాలో పడితే పడ్డంత అక్కడే ఉంటుంది, పొద్దున వెళ్లి చూసుకోవచ్చు. మంచు అలా ఉండదండీ. పడ్డ నిమిషం నుంచే తన బరువుకి తనే కుంగుతుంది, గాలికి ఒక మూల గుట్టగా చేరి ఇంకో మూల నేల కనిపిస్తుంది, కింద తారో సిమెంటో వెచ్చగా ఉంటే అడుగు నుంచి కరిగిపోతుంది కూడా. మీరు డ్రైవ్‌వేలో కొలిచారు, తక్కువ రావడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఎప్పుడు కొలిచారో రాయలేదు గానీ, మంచు ఆగి, తెల్లారి, కాఫీ అయ్యాక వెళ్లి ఉంటారని నా అనుమానం. అప్పటికి ఒక ఇంచు కుంగిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు.

అక్కడి వాతావరణ శాఖ పద్ధతి చూడండి. తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ ముక్క ఒకటి, పదహారు ఇంచుల చదరమో రెండడుగుల చదరమో, ఇంటి గోడకీ చెట్లకీ దూరంగా గడ్డి మీద పరుస్తారు. మంచులో మునిగిపోతే దొరకదు కాబట్టి పక్కనే ఒక కర్ర పాతుతారు. మంచు ఆగిన వెంటనే, కుంగకముందే, దాని మీద స్కేలు నిలబెట్టి ఇంచులో పదో వంతు దాకా చదువుతారు. ఆ తర్వాత పలక తుడిచి మళ్లీ పరుస్తారు. తుడవడానికి ఒక హద్దు ఉంది: ఆరు గంటలకి ఒక్కసారికి మించకూడదు, అంటే రోజుకి నాలుగు సార్లే. గంటకోసారి తుడిచి కొలిచి అన్నీ కూడితే, మంచుకి కుంగే టైమే దొరకదు కాబట్టి మొత్తం ఊరికే పెరుగుతుంది. మీ కాంట్రాక్టర్ బండి వచ్చిన ప్రతిసారీ రెండు ఇంచులు, రెండున్నర అని రాసుకుంటూ పోయి చివర్లో కూడి ఉంటాడు. అది మోసమే అని నేననను, కానీ ఎయిర్‌పోర్టు అంకె పక్కన పెట్టి పోల్చే లెక్క మాత్రం కాదు.

ఎలాగూ నెవార్క్ పేరెత్తారు కాబట్టి ఇది చెప్పాలి. 2016 జనవరిలో తూర్పు తీరాన్ని ముంచేసిన తుపానులో ఆ ఎయిర్‌పోర్టు 28.1 ఇంచులు అని రికార్డు ప్రకటించింది. తర్వాత అనుమానం వచ్చి వాతావరణ శాఖ ఒక బృందాన్ని వేసి ఆరా తీస్తే, గంటగంటకీ కొలిచి కూడిన లెక్క అని తేలింది. ఆ రికార్డుని రద్దు చేశారు. అదే తుపానులో వాషింగ్టన్‌లోని రీగన్ ఎయిర్‌పోర్టులో కొలిచేవాళ్లకి అసలు పలకే మంచులో కనిపించకుండా పోయింది (కర్ర పాతమనేది ఇందుకే), చుట్టుపక్కల కొన్ని చోట్ల కొలిచి 17.8 అని ఇచ్చారు. కొంచెం దూరంలో ఉన్న డల్లెస్‌లో 29.3. ఇంకా తమాషా న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌ది. ఆ రాత్రి అక్కడ 26.8 అన్నారు, 2006 నాటి రికార్డు 26.9. ఇంచులో పదో వంతు తేడాతో రికార్డు తప్పిపోయిందని జనం ఉసూరుమన్నారు. మూడు నెలలకి, కొలిచినవాళ్లకీ ఆఫీసుకీ మధ్య అంకె చెప్పుకోవడంలో పొరపాటు జరిగిందని తేలి దాన్ని 27.5 చేశారు. మంచు కరిగి నీళ్లై పోయిన ఎన్నో వారాలకి రికార్డు బద్దలైందన్నమాట.

ఇక మీ బిల్లు సంగతి. కాంట్రాక్టు కాగితం తీసి చూడండి, ఇంచులు ఎక్కడ కొలవాలి, ఎవరు కొలవాలి అని రాసి ఉందా? రాసి ఉంటే వాదన అక్కడితో సరి. లేకపోతే (చాలా వాటిల్లో ఉండదు) ఈసారికి మధ్యేమార్గంగా తేల్చుకుని, వచ్చే ఏడాది కాగితంలో ఆ ఒక్క వాక్యం పెట్టించండి. నెవార్క్ అంకె మీద మాత్రం పట్టుబట్టకండి. ఒకే తుపానులో ఎయిర్‌పోర్టుకీ మీ ఇంటికీ రెండు ఇంచుల తేడా రావడం మామూలే, పైగా వచ్చేసారి ఆ తేడా మీకే ఎదురు తిరగొచ్చు.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల టీచర్ని. పేపర్లో "చరిత్రలోనే అత్యధికం" అని చదివినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. వందేళ్ల కిందట ఎవరో రాసి పెట్టిన అంకెని ఎలా నమ్ముతారు? తప్పని తేలితే తీసేస్తారా?
(హైదరాబాద్)

జవాబు: తీసేస్తారు మాస్టారూ. లిబియాలో ఎల్ అజీజియా అనే ఊళ్లో 1922 సెప్టెంబర్ 13న 58 డిగ్రీలు నమోదైందని చిన్నప్పుడు మనమంతా జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టాం కదా, దాన్ని ప్రపంచ వాతావరణ సంస్థ 2012లో కొట్టేసింది. చేయి తిరగని మనిషి ఎవరో థర్మామీటర్‌ని తప్పుగా చదివి ఉంటాడని, ఏడు డిగ్రీల దాకా తేడా వచ్చి ఉంటుందని తేల్చారు. అంత వెనక్కి వెళ్లక్కర్లేదు కూడా. 2024 మే నెలలో ఢిల్లీ ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలు అని దేశమంతా గగ్గోలు పెట్టింది. తర్వాత మన వాతావరణ శాఖ వాళ్లు అసలైన పరికరం పక్కన పెట్టి చూస్తే అక్కడి సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది.

మంచులో నాకు మరీ ఇష్టమైన కేసు ఒకటుంది. అమెరికాలో 24 గంటల్లో పడ్డ మంచుకి పాత రికార్డు కొలరాడోలోని సిల్వర్ లేక్‌ది, 1921 ఏప్రిల్‌లో, 75.8 ఇంచులు. 1997 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒంటారియో సరస్సు పక్కన మాంటెగ్యూ అనే చోట ఒక వాలంటీర్ 77 ఇంచులు కొలిచాడు. సంబరాలు మొదలయ్యాయి. కమిటీ కూర్చుని చూస్తే 24 గంటల్లో నాలుగు కాదు, ఆరు సార్లు పలక తుడిచి కొలిచినట్టు తేలింది. ఆ మనిషి నిజాయితీని ఎవరూ శంకించలేదు, పడ్డ మంచునీ ఎవరూ కాదనలేదు, కానీ రికార్డు ఇవ్వలేదు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి అసలు మెలిక మీకే చెప్పాలి. ఆ నిలిచిన 1921 నాటి అంకె కూడా సరిగ్గా 24 గంటలకి కొలిచింది కాదు! ఇరవై ఏడున్నర గంటల్లో 87 ఇంచులు పడితే, దాన్ని నిష్పత్తి వేసి 24 గంటలకి దించారు. మీరే వేసి చూడండి, దాదాపు 76 దగ్గర తేలుతుంది. అంటే కొలిచిన 77ని కాదని, లెక్క కట్టిన 75.8ని ఉంచారు. అన్యాయం అనిపిస్తుందా? నాకూ మొదట అనిపించింది. కానీ ఆరు సార్లు తుడిచిన అంకెని ఒప్పుకుంటే రేపు పన్నెండు సార్లు తుడిచినవాడు వస్తాడు. పాత లెక్క లోపం అందరికీ తెలిసిన లోపం, కాగితం మీద రాసి ఉంది. అంకె పక్కన దాన్ని ఎలా కొలిచారో కూడా రాసి ఉంచిన రికార్డుని నేను సగం నమ్ముతాను, ఎంత గొప్ప అంకె అయినా ఆ వివరం లేకపోతే అస్సలు నమ్మను.

ప్రశ్న: పోయిన శీతాకాలం లంబసింగి వెళ్లాం. పొద్దున్నే గడ్డంతా తెల్లగా, జీపు బానెట్ మీద పెచ్చులుగా మంచు. సున్నా డిగ్రీలు అని అక్కడ అందరూ చెప్పారు, పేపర్లో మాత్రం మూడు డిగ్రీలని వేశారు. ఏది నిజం? నిజంగా మంచు కురిసిందా?
(విశాఖపట్నం)

జవాబు: ఇక్కడ మన భాషే మనల్ని ముంచుతోందమ్మా. పొద్దున కళ్ల ముందు తెర కట్టేదీ మంచే, గడ్డి మీద బొట్లుగా నిలిచేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే, కూల్‌డ్రింకులో వేసే ముక్కకి కూడా మా నాయనమ్మ మంచుగడ్డ అనే అనేది. పేపరువాడు "లంబసింగిలో మంచు కురుస్తోంది" అని రాస్తే చదివేవాడు కశ్మీర్ అనుకుంటాడు.

మీరు చూసింది పైనుంచి కురిసింది కాదు. నేల దగ్గర గాలిలో ఉన్న తేమ చల్లటి గడ్డి మీద, ఇనుము మీద అక్కడికక్కడే గడ్డకట్టింది. మంచు కురవాలంటే మబ్బు కావాలి. లంబసింగిలో చలి ముదిరేదేమో మబ్బు లేని రాత్రులే, ఎందుకంటే నేలలోని వేడి అడ్డం లేకుండా ఆకాశంలోకి పోతుంది. మబ్బు పట్టిందంటే దుప్పటి కప్పినట్టే, చలి తగ్గుతుంది.

సున్నా, మూడు రెండూ సరైనవే అయి ఉండొచ్చు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్‌ని గాలి ఆడే తెల్ల పెట్టెలో నేలకి దాదాపు నాలుగడుగుల ఎత్తున పెడతారు. పేపర్లకి ఎక్కే అంకెలు చాలావరకు పక్కనే చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చూసినవి. అక్కడ పెట్టెలో మూడు ఉన్న రాత్రి లంబసింగి గడ్డి మీద సున్నా కన్నా తక్కువ ఉండటంలో వింతేం లేదు. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ ఊరికి కొర్రబయలు అని పేరు పెట్టారు చూడండి, వాళ్లు పెట్టె లోపల కాదు, నేల మీద కొలిచారు.

ప్రశ్న: అన్నా, నేను బఫెలోలో ఎంఎస్ చేస్తున్నా. ఫోన్‌లో మూడడుగుల మంచు అని చూసి ఇంట్లో అమ్మ ఏడుస్తోంది, నా రూమ్ ముందు చూస్తే నాలుగు ఇంచులు కూడా లేదు. యాప్ అబద్ధమా?
(బఫెలో, న్యూయార్క్)

జవాబు: కాదు తమ్ముడూ. ఈరీ సరస్సు మీద నుంచి వచ్చే మంచు సన్నటి పట్టీలా వచ్చి ఒకే చోట దిగిపోతుంది. 2014 నవంబర్‌లో ఊరికి దక్షిణం వైపు పేటల్లో అయిదడుగులు దాటి కొన్నిచోట్ల ఏడడుగుల దగ్గరికి వెళ్తే, ఉత్తరం వైపు కొన్ని ఇంచులే. పేరు మాత్రం అన్నిటికీ బఫెలోనే. అమ్మకి వీడియో కాల్ చేసి కిటికీ చూపించు, అంకెలు చెప్పకు.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. కోకోరాస్ అని వాన, మంచు కొలిచే వాలంటీర్ల గుంపులో చేరతానంటోంది. సరిగ్గా చేయడానికి ఏం కావాలి? రోజూ చేయాలా?
(ఆస్టిన్, టెక్సాస్)

జవాబు: చేర్చండి, మంచి పని. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఒక పక్క వరద ముంచేస్తుంటే ఇంకో పక్క ఓ మోస్తరు వానే పడింది. ఉన్న కొద్దిపాటి కేంద్రాలతో అది పట్టుకోలేమని అర్థమై, మరుసటి ఏడాది అక్కడి యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిందే ఈ కోకోరాస్. కావాల్సింది నాలుగు ఇంచుల వెడల్పున్న, వాన కొలిచే ప్లాస్టిక్ డబ్బా (గేజి), ఒక పలక, ఒక స్కేలు. మంచు పడేలా ఉంటే లోపలి సన్న గొట్టం, గరాటు తీసేసి బయటి డబ్బా ఒక్కటే ఉంచాలి. పడ్డాక డబ్బాని ఇంట్లోకి తెచ్చి, గోరువెచ్చటి నీళ్లు కొలిచి పోసి కరిగించి, మొత్తాన్ని సన్న గొట్టంతో కొలిచి, మీరు పోసినంత తీసేయాలి. పది ఇంచుల మంచు ఒక ఇంచు నీళ్లవుతుందని అందరూ అంటారు గానీ, పిండిలాంటి పొడి మంచు ఇరవై ఇంచులు కరిగించినా ఒక ఇంచు రాని రోజులుంటాయి.

స్కేలు జాగ్రత్త. నేను మొదటి శీతాకాలమంతా పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిచాను. దానికి సున్నా గీత అంచు మీద కాకుండా కొంచెం లోపల ఉందని మార్చిలో గానీ చూసుకోలేదు! ప్రతి అంకె పక్కన "కొంచెం తక్కువ చదివాను, స్కేలు తప్పు" అని ఎర్ర పెన్నుతో రాసుకుంటూ కూర్చున్నా. దిద్దేసి కొత్త అంకెలు వేసేయొచ్చు కదా అంది మా ఆవిడ. వేయలేదు.

రోజూ చేయాలా అంటే, వీలైనంతవరకు రోజూ, ఒకే టైముకి. ఆస్టిన్ కాబట్టి ఎక్కువ రోజులు ఏమీ పడదు, పాపకి బోర్ కొడుతుంది, అయినా సున్నా వేయించండి. ఖాళీగా వదిలేస్తే పడలేదో, చూడలేదో తర్వాత ఎవరికీ తెలియదు. ఊరెళ్లిన రోజుల్ని మాత్రం సున్నాలతో నింపనివ్వకండి. ఎప్పుడైనా నాలుగు మంచు రేకులు గాల్లో కనిపించి పలక మీద కొలిచేంత నిలవకపోతే సున్నా వేయకూడదు, దానికి ఇంగ్లిష్ అక్షరం 'టి' ఉంది (ట్రేస్, అంటే ఆనవాలు). పాపకి ఆ రోజు మహా సరదాగా ఉంటుంది.