డిస్‌ప్లేలో ఒక శాతం అని ఉంటే నమ్మకు

సుధమ్మా,

కణితుల్లో ఆక్సిజన్ కొరత (ట్యూమర్ హైపాక్సియా) మీద పనిచేసే ల్యాబ్‌లో చేరావని మీ నాన్న చెప్పాడు. "అన్నయ్యా, నువ్వు ముప్పై ఏళ్లు చేసింది అదేగా, దానికి నాలుగు ముక్కలు చెప్పు" అన్నాడు. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

కొత్త రివ్యూలు తర్వాత చదువుకోవచ్చు. ముందు 1955లో టామ్లిన్సన్, గ్రే కలిసి రాసిన పేపర్ తెచ్చుకుని చదువు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి కొలిచారు వాళ్లు, అంతే. రక్తనాళాల దగ్గర కణాలు బతికి ఉన్నాయి, దూరం జరిగే కొద్దీ చచ్చిపోయి ఉన్నాయి. బతికున్న కణాల పట్టీ ఎక్కడా సుమారు 180 మైక్రాన్లు దాటలేదు. అంటే రెండు తలవెంట్రుకల మందం. ఆక్సిజన్ కణాల గుండా ఇంకుతూ ఎంత దూరం పోగలదో లెక్క కడితే ఇంచుమించు అంతే వచ్చింది. రేడియేషన్ మోతాదుకు మీరు రోజూ వాడే 'గ్రే' ఆయన పేరే. క్యాన్సర్ జీవశాస్త్రంలోకి వచ్చిన భౌతికశాస్త్రవేత్త ఆయన. ఆ పేపర్లో నాకు నచ్చేది కూడా అదే, కొలిచిన తర్వాతే మాట్లాడతారు.

చచ్చిన కణాలతో మనకు గొడవ లేదు. వాటికి కాస్త ఇవతల, ఊపిరి అందీ అందక బతుకుతున్న కణాలతోనే బాధంతా. ఆక్సిజన్ బొత్తిగా లేని కణాన్ని రేడియేషన్‌తో చంపాలంటే మామూలు కణానికి ఇచ్చేదానికి రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. రక్తనాళానికి దూరం కాబట్టి మందులూ అక్కడిదాకా సరిగ్గా చేరవు. పైగా ఆ కణాలు ఊరికే కూర్చోవు. ఆక్సిజన్ ఉన్నంతసేపూ హిఫ్ అనే ప్రోటీన్‌కు ఒక ఎంజైమ్ గుర్తు వేస్తుంది, ఆ గుర్తు చూసి వీహెచ్ఎల్ ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. హిఫ్ మిగిలిపోయి కేంద్రకంలోకి వెళ్లి కొత్త రక్తనాళాలకూ, గ్లూకోజ్ లాక్కోవడానికీ కావాల్సిన జన్యువుల్ని లేపుతుంది. 2019లో సెమెన్జా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు నోబెల్ వచ్చింది ఈ దారి కనిపెట్టినందుకే. ఇదంతా నీకు క్లాసులో చెప్పే ఉంటారు. చెప్పనిది ల్యాబ్ బెంచ్ మీద జరిగేది.

హిఫ్ యాంటీబాడీ చేతికొచ్చిన కొత్తలో నా వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఉందో లేదో గీతలా చూపే పరీక్ష) హిఫ్ గీత, అంటే బ్యాండ్, ఒకరోజు వచ్చేది, ఒకరోజు వచ్చేది కాదు. మూడు నెలలు అలాగే గడిచాయి. యాంటీబాడీ మార్చాను, బఫర్ మార్చాను, కణాలు కొత్తవి తెప్పించాను. రాత్రి నిద్ర పట్టేది కాదు. చివరికి పట్టుకున్నది మా టెక్నీషియన్. ఆక్సిజన్ తగ్గించి కణాల్ని ఉంచే మా హైపాక్సియా చాంబర్ కారిడార్‌కు ఈ చివర, ఐస్ బకెట్ ఆ చివర. ప్లేటు పట్టుకుని నడుస్తుంటే దారిలో ఎవరో ఒకరు పలకరించేవారు, నేను నిలబడి రెండు మాటలు మాట్లాడేవాణ్ని. గాలి తగిలితే హిఫ్ ప్రతి ఐదు నిమిషాలకూ సుమారు సగం చొప్పున తగ్గిపోతుంది. పలకరింపులు ఉన్న రోజు బ్యాండ్ లేదు, లేని రోజు ఉంది! అప్పట్నుంచి లైసిస్ బఫర్‌ను చాంబర్ లోపలే పెట్టుకుని, కణాల్ని అక్కడే కరిగించి, ఆ తర్వాతే తలుపు తీసేవాణ్ని. నువ్వు మొదటిరోజు నుంచే అలా చెయ్యి.

ఇంకో మోసం డిస్‌ప్లేది. చాంబర్ మీద 1% అని కనిపిస్తుంది. అది గాలిలో ఉన్న ఆక్సిజన్. నీ కణాలు ఉన్నది ప్లేటు అడుగున, మీడియం అనే పోషక ద్రవం కింద. బయట ఇంక్యుబేటర్లోంచి తెచ్చిన మీడియంలో కరిగి ఉన్న ఆక్సిజన్ దిగడానికి గంటలు పడుతుంది. ప్లాస్టిక్ ప్లేటు కూడా కొంత దాచుకుని మెల్లగా వదులుతుంది. కాబట్టి మీడియాన్ని ముందురోజు రాత్రే మూత వదులు చేసి చాంబర్లో పెట్టు. దీనికి రెండోవైపు కూడా ఉంది. మామూలు ఇంక్యుబేటర్లోనే కణాలు కిక్కిరిసిపోయి, పైన మీడియం లోతుగా ఉంటే, అవి పీల్చుకునే వేగానికి అడుగున ఆక్సిజన్ పడిపోతుంది. అంటే పోల్చి చూడటానికి నువ్వు కంట్రోల్ అనుకున్న ప్లేటే సగం హైపాక్సియాలో ఉంటుంది. ప్రతి ప్రయోగంలో కణాల సంఖ్య, మీడియం పరిమాణం రెండూ నోట్‌బుక్‌లో రాసుకో. కుదిరితే ఒక సన్నటి ఆక్సిజన్ సెన్సర్ ప్లేటు అడుగునే పెట్టించుకో. గైడ్ ఖర్చు అంటారు, అయినా అడుగు.

'హైపాక్సియా' అనే మాటను అంకె లేకుండా ఎక్కడా రాయకు. ఇంక్యుబేటర్లో 'మామూలు' అనుకునే దాదాపు 20 శాతం ఏ అవయవంలోనూ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న చాలా కణజాలాల్లో అది దాదాపు 3 నుంచి 7 శాతం. చాలా కణితుల్లో 2 లోపే. హిఫ్ 1, 2 శాతం దగ్గరే లేస్తుంది, రేడియేషన్‌ను కణం గట్టిగా తట్టుకోవడం మాత్రం అర శాతం కంటే కిందికి దిగాకే. ఒకే పేరు పెట్టుకుని రెండు వేర్వేరు సంగతుల మీద కొట్టుకునేవాళ్లను సెమినార్లలో చూస్తావు.

కోబాల్ట్ క్లోరైడ్ చల్లి "హైపాక్సియా చేశాం" అనే పేపర్లూ కనిపిస్తాయి. అది హిఫ్‌కు గుర్తు వేసే ఎంజైమ్‌ను ఆపి హిఫ్‌ను నిలబెడుతుంది, నిజమే, కానీ కణానికి ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది. ఆక్సిజన్ లేనిచోట మాత్రమే విషంగా మారే మందును దాంతో పరీక్షిస్తే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు.

ఎలుకల దాకా వచ్చాక ఒక్క జాగ్రత్త చెబుతా. మత్తు ఇచ్చేటప్పుడు ఎలుక ఏం పీలుస్తోందో చూడు. మత్తుమందును స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో కలిపి ఇస్తూ కణితిలో ఆక్సిజన్ కొరతను స్కాన్ తీసినవాళ్లను నేను చూశాను. మిగతాది పిమోనిడజోల్ (ఆక్సిజన్ కొరత ఉన్న కణాల్లోనే అంటుకునే పదార్థం) రంగు వేసిన స్లైడ్ నేర్పుతుంది. రక్తనాళం చుట్టూ తెల్లగా, దూరంగా గోధుమ రంగు వలయం, దాని అవతల మళ్లీ రంగు లేని చచ్చిన భాగం. మొదటిసారి నువ్వే చేసిన స్లైడ్‌లో ఆ వలయం చూసినప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

ఇక మందుల సంగతి. ఆక్సిజన్ లేనిచోట విషంగా మారే టిరపజమిన్ మీద మేమంతా ఎంత ఆశ పెట్టుకున్నామో! తల, మెడ క్యాన్సర్లలో 861 మంది మీద చేసిన పెద్ద పరీక్ష 2010లో బయటికొచ్చింది, ఆయుష్షు పెరగలేదు. అంతకుముందు చేసిన చిన్న పరీక్షలో, పెట్ స్కాన్‌లో ఆక్సిజన్ కొరత కనబడినవాళ్లకు లాభం ఉన్నట్టు తేలింది. పెద్ద పరీక్షలో మాత్రం ఎవరి కణితిలో కొరత ఉందో చూడకుండానే అందర్నీ చేర్చుకున్నారు. కొందరికి రేడియేషనే సరిగ్గా ఇవ్వలేదని కూడా తర్వాత తేలింది. 2015లో అలాంటిదే ఎవోఫాస్ఫమైడ్ రెండు పెద్ద పరీక్షల్లోనూ తప్పింది. రక్తం పెరిగితే ఆక్సిజన్ పెరుగుతుంది కదా అని ఎరిత్రోపొయిటిన్ ఇచ్చి చూస్తే, 2003లో వచ్చిన ఫలితం ప్రకారం హిమోగ్లోబిన్ పెరిగింది, కణితి అదుపు మాత్రం ఇంకా చెడింది. ఆక్సిజన్ లేని కణాల్ని రేడియేషన్‌కు లొంగేలా చేసే నిమోరజోల్ డెన్మార్క్‌లో నిలబడింది. అలాగని కొలిచేస్తే చాలనుకోకు. బ్రిటన్‌లో అదే మందుతో చేసి, జన్యు పరీక్షతో ఆక్సిజన్ కొరత ఉన్న కణితుల్ని విడదీసి చూసినా లాభం కనబడలేదు. కొలత సరైనదా కాదా అనేది మళ్లీ ఇంకో ప్రశ్న.

2021లో అమెరికాలో అనుమతి వచ్చిన బెల్జుటిఫాన్‌ను చూడు. వీహెచ్ఎల్ జన్యువు పుట్టుకతోనే చెడినవాళ్ల కణితుల్లో, ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా హిఫ్-2 అనే రకం హిఫ్ లేచే ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో ముందే తెలుసు, మందు దాన్నే పట్టుకుంది, పనిచేసింది. నీ ప్రాజెక్టులో ఏదైనా మందు ఉంటే మొదటి మీటింగ్‌లోనే అడుగు: ఇది ఏ రోగికి, ఆ రోగిని గుర్తుపట్టే పరీక్ష ఏది? జవాబు లేకపోతే మొహమాటపడకు, నీ థీసిస్‌లో ఒక అధ్యాయం దానికే పెట్టుకో. మందు కంటే ఆ పరీక్షే ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం. మీ గైడ్ ఒప్పుకోకపోవచ్చు, నాతోనూ చాలామంది ఒప్పుకోలేదు.

సోమవారం వెళ్లగానే చాంబర్ పక్కన వేలాడే లాగ్‌బుక్ తిరగెయ్యి. సెన్సర్ కాలిబ్రేషన్ చివరిసారి ఎప్పుడు చేశారో అందులో ఉండాలి. లేకపోతే నువ్వే చేసి, తేదీ వేసి, సంతకం పెట్టు. కణాలు ఆ తర్వాత వేసుకోవచ్చు.

మీ పెదనాన్న