నార్స్ పురాణాలకు మూలగ్రంథం ఏది? ఆ కథలు మనదాకా ఎలా వచ్చాయి?

మీరు అడిగినవి మూడు: నార్స్ పురాణాలకు (అంటే డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్‌ల పాత దేవుళ్ల కథలకు) మన వేదాల్లాంటి మూలగ్రంథం ఉందా, ఆ కథలు నిజంగా ఎంత పాతవి, వాళ్ల ఉరుముల దేవుడు థోర్‌కూ మన ఇంద్రుడికీ సంబంధం ఉందా. నేను కొన్నేళ్లుగా డెన్మార్క్‌లో ఉంటున్నాను. చేసే ఉద్యోగం వేరే, కానీ ఈ కథల మీద ఇష్టంతో సాయంత్రం క్లాసులకు వెళ్లి పాత నార్స్ భాష కొంత నేర్చుకున్నాను. సెలవులు దొరికితే వీటికి సంబంధించిన ఊళ్లు, మ్యూజియంలు చూస్తుంటాను. అలా తెలిసినంతవరకు చెప్తాను.

మూలగ్రంథం లేదు. దేవుళ్లకు పెద్ద అయిన ఓడిన్‌నీ, థోర్‌నీ కొలిచినవాళ్లు తమ దేవుళ్ల గురించి ఒక్క పుస్తకం కూడా రాసిపెట్టలేదు. రాయడం రాక కాదు, వాళ్లకు రూన్ లిపి ఉండేది. దాన్ని రాళ్ల మీద, లోహం మీద, కర్రల మీద చిన్న చిన్న వాక్యాలకే వాడారు. కథలన్నీ నోటి మీదే నడిచాయి. మనం ఇప్పుడు చదివే కథల్లో చాలావరకు 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో క్రైస్తవులు రాసినవి. ఆ దేశం మతం మారింది క్రీ.శ. 1000 ప్రాంతంలో. అంటే కొలిచినవాళ్లకూ రాసినవాళ్లకూ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది. అందుకే ఏ కథ విన్నా "ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ" అని అడగడం అలవాటు చేసుకోండి. నేను ఈ సబ్జెక్టులో నేర్చుకున్నదాంట్లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

మరి క్రైస్తవులు పాత దేవుళ్ల కథలు ఎందుకు రాశారు? దానికి ఐస్‌లాండ్ మతం మారిన తీరు కొంత కారణం. థింగ్‌వెల్లిర్ అనే చోట ఏటా జరిగే సభలో రెండు పక్షాలవాళ్లూ తగువు తీర్చే బాధ్యతను థోర్‌గేర్ అనే పెద్దకు అప్పగించారు. ఆయన పాత మతంవాడే. ఒక పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని మాట్లాడకుండా పడుకున్నాడు, లేచి అందరూ క్రైస్తవులు కావాలని తీర్పు చెప్పాడు. ఎవరికైనా రహస్యంగా బలులు ఇచ్చుకోవాలని ఉంటే ఇచ్చుకోవచ్చని మొదట్లో వెసులుబాటు కూడా ఉండింది. ఇదంతా 12వ శతాబ్దపు చరిత్రకారుడు అరి రాసిపెట్టాడు. బయటి సైన్యం వచ్చి పాతదాన్ని తుడిచిపెట్టలేదు. ఊరి పెద్దలు పెద్దలుగానే ఉన్నారు, వాళ్ల ఇళ్లలో వంశావళులూ పద్యాలూ అలాగే మిగిలాయి. పైగా అక్కడివాళ్లు లాటిన్‌లోనే కాకుండా తమ సొంత భాషలో కూడా విరివిగా రాశారు.

ఆ రాసినవాళ్లలో ముఖ్యుడు స్నోరి స్టర్లుసన్ (1179–1241). ఐస్‌లాండ్ సభకు ధర్మాధికారిగా చేశాడు, బాగా డబ్బున్నవాడు, రాజకీయాల్లో నిండా మునిగినవాడు. చివరికి నార్వే రాజు ఆదేశంతో వచ్చిన మనుషులు రేక్‌హోల్ట్‌లో ఆయన ఇంట్లోనే చంపేశారు. ఆ ఊరికి నేను వెళ్లాను. ఆయన పేరుతో ఉన్న వేడినీళ్ల గుండం ఇప్పటికీ ఉంది, రాళ్లు పేర్చి కట్టిన చిన్న గుండ్రటి కొలను. స్నోరి 1220 ప్రాంతంలో రాసిన పుస్తకాన్నే గద్య ఎడ్డా అంటారు.

చాలామంది దీన్ని మతగ్రంథం అనుకుంటారు. తెలుగువాళ్లకు నేనైతే లక్షణ గ్రంథం అని చెప్తాను, మన అప్పకవీయం వరసలోది. కుర్ర కవులు పాత పద్ధతిలో పద్యం కట్టడం మర్చిపోతున్నారని స్నోరి దిగులు. అందులో హాత్తాతల్ అనే భాగం పూర్తిగా ఛందస్సు గురించే. నూట రెండు పద్యాల్లో రకరకాల వృత్తాలు తానే కట్టి, వాటికి వివరణ కూడా ఇచ్చాడు. మరి దేవుళ్ల కథలు ఎందుకు వచ్చాయంటే, ఆ కవులు బంగారాన్ని బంగారం అనరు, "సిఫ్ జుట్టు" అంటారు. థోర్ భార్య సిఫ్ జుట్టును లోకి అనే టక్కరి దేవుడు కత్తిరించేస్తే, మరుగుజ్జులు ఆమెకు బంగారు జుట్టు చేసిచ్చారన్న కథ తెలియకపోతే ఆ పద్యం అర్థం కాదు. కాబట్టి పద్యం అర్థం కావడానికి కథ చెప్పాల్సి వచ్చింది. ఈ అవసరమే లేకపోతే సగం కథలు మనకు దక్కేవి కావేమో.

రెండోది పద్య ఎడ్డా, దేవుళ్ల గురించీ వీరుల గురించీ ఉన్న పాత పద్యాల సంకలనం. స్నోరి దాన్ని రాయలేదు, అసలు కవుల పేర్లే తెలియవు. ఇది ప్రధానంగా ఒకే ఒక్క రాతప్రతి మీద ఆధారపడి ఉంది. పేరు కోడెక్స్ రెజియస్. 1270 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో దూడతోలు మీద రాశారు. 1643లో స్కాల్‌హోల్ట్ బిషప్ బ్రిన్యోల్ఫర్ స్వేన్సన్ చేతికి వచ్చేదాకా అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆయన 1662లో డెన్మార్క్ రాజుకు పంపాడు. మూడు వందల ఏళ్లు కోపెన్‌హాగెన్‌లో ఉండి, 1971 ఏప్రిల్ 21న డెన్మార్క్ నౌకాదళం ఓడలో తిరిగి ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ చేరింది. ఓడ వస్తుంటే జనం వేలల్లో రేవుకు వచ్చారు. ఒక పుస్తకం కోసం! ఆ మాట విన్నప్పుడు నాకు ఐస్‌లాండ్ వాళ్ల మీద గౌరవం చాలా పెరిగింది.

రేక్యావిక్‌లో ఈ రాతప్రతుల కోసం కట్టిన కొత్త భవనానికి ఎడ్డా అనే పేరు పెట్టారు. చూడటానికి వెళ్లినప్పుడు నన్ను ఆపేసింది ఆ పుస్తకాల సాదాతనం. కోడెక్స్ రెజియస్ పేజీ మన నోటుబుక్కు కంటే చిన్నది, గోధుమరంగు తోలు, సందు లేకుండా ఇరికించి రాసిన అక్షరాలు, బొమ్మల్లేవు. మిగిలింది 45 ఆకులే. మధ్యలో ఎనిమిది ఆకుల కట్ట ఒకటి ఎప్పుడో పోయింది, సిగుర్డ్ అనే వీరుడి కథలో కొంత దాంతోనే పోయింది. అప్పట్లో పాత తోలు పేజీలను ఎలా వాడారో తెలిస్తే మిగిలినవాటి విలువ అర్థమవుతుంది. బిషప్ టోపీకి లోపలి అట్టగా కుట్టేసిన రాతప్రతి ఒకటి ఇప్పటికీ ఉంది.

అయితే రాత 13వ శతాబ్దంది కాబట్టి కథలు కూడా అప్పటివే అనుకోవద్దు. అదెలా తెలుస్తుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన కథ థోర్ చేపల వేట. థోర్ ఒక రాక్షసుడితో పడవలో సముద్రంలోకి వెళ్లి, ఎద్దు తలకాయను ఎరగా గుచ్చి, ప్రపంచాన్ని చుట్టుకుని ఉన్న మహాసర్పాన్ని గాలానికి తగిలిస్తాడు. స్నోరి చెప్పినదాంట్లో, థోర్ బలంగా తన్నిపెట్టి లాగేసరికి కాళ్లు పడవ అడుగును చీల్చుకుని సముద్రం అడుగుకు తగులుతాయి. ఈ కాళ్ల ముక్క మనకు మిగిలిన పాత పద్యాల్లో కనిపించదు. స్నోరి కల్పించాడని అనేయడం తేలిక. కానీ స్వీడన్‌లో ఉప్లాండ్ ప్రాంతంలో ఆల్తునా అనే ఊరి చర్చి దగ్గర 11వ శతాబ్దపు రూన్ రాయి ఒకటి నిలబడి ఉంది. నేను ప్రత్యేకంగా దానికోసమే వెళ్లాను. రాయి ఒక పక్కన చిన్న పడవ, అందులో సుత్తి పట్టుకున్న మనిషి, చేతిలో తాడు, దాని చివర పెద్ద ఎర, కింద మెలికలు తిరిగిన పాము. పడవ అడుగు నుంచి ఒక పాదం బయటికి పొడుచుకొచ్చి ఉంది! స్నోరి పుట్టక ముందే, వేరే దేశంలో, ఎవరో చెక్కింది. డెన్మార్క్‌లో హోర్డుమ్ చర్చిలో ఉన్న రాయి మీద కూడా ఇదే పాదం ఉంది. కాబట్టి ఆ వివరం ఆయన సొంతం కాదు, విని రాసినదే.

అదే కథకు ముగింపు మాత్రం ఒక్కటి లేదు. 9వ శతాబ్దపు కవి బ్రాగి ఈ వేటను పద్యాల్లో వర్ణించాడు. 10వ శతాబ్దం చివర్లో ఉల్వ్ ఉగ్గసన్ అనే కవి, ఒక పెద్ద ఇంటి గోడల మీద చెక్కిన బొమ్మలను చూసి కట్టిన పద్యంలో థోర్ పాము తల కొట్టేస్తాడు. స్నోరి కథలో రాక్షసుడు భయపడి తాడు కోసేస్తాడు, పాము జారిపోతుంది. "తల తెగిందని కొందరు అంటారు కానీ పాము ఇంకా బతికే ఉందని నా నమ్మకం" అన్న అర్థంలో స్నోరి తన మాట కలుపుతాడు. ఏది అసలు కథ అని అడిగితే జవాబు ఉండదు. ఊరికో రకంగా, కవికో రకంగా చెప్పుకున్నారు.

బ్రాగి లాంటి ఆస్థాన కవుల పద్యాలను అంత నమ్మడానికి కారణం వాటి కట్టుబాటు. పాదానికి ఆరు అక్షరాలు, మొదటి ధ్వనుల్లో యతిలాంటి మైత్రి, పాదం లోపలే ప్రాస. ఒక్క మాట మార్చినా ఛందస్సు చెడుతుంది. అందుకే మూడు వందల ఏళ్లు నోటి మీద నడిచినా పెద్దగా అరిగిపోలేదు. క్లాసులో ఒక పద్యం కంఠస్థం చేయమన్నప్పుడు తోటివాళ్లు ఇబ్బంది పడ్డారు కానీ, చిన్నప్పుడు ఉత్పలమాలలు బట్టీపట్టిన నాకు అది సులువుగానే వచ్చింది.

స్నోరి చెప్పినదాన్ని అన్నిచోట్లా అలాగే నమ్మలేమనడానికి ఓడిన్ కొడుకు బాల్డర్ చావు కథ ఉదాహరణ. లోకి కుట్ర పన్ని, గుడ్డివాడైన హోద్ చేతికి మిసిల్‌టో (ఒక రకం బదనిక మొక్క) కొమ్మ ఇచ్చి బాల్డర్ మీదికి విసిరించడం స్నోరి కథ. దాదాపు అదే కాలంలో డెన్మార్క్‌లో సాక్సో అనే పండితుడు లాటిన్‌లో రాసిన చరిత్రలో బాల్డర్, హోద్ ఇద్దరూ నన్నా అనే అమ్మాయి కోసం యుద్ధాలు చేస్తారు. హోద్ గుడ్డివాడు కాదు, వీరుడు. లోకి అసలు లేడు. అమాయకుడైన, మచ్చలేని బాల్డర్ వర్ణనలో క్రీస్తు ఛాయ పడిందేమోనని చాలామంది పండితులు అనుమానిస్తారు, నాకూ ఆ అనుమానం ఉంది. అలాంటి ఛాయ ఇంకోచోట కళ్లకు కడుతుంది. పద్య ఎడ్డాలో, సృష్టి నుంచి ప్రళయం దాకా చెప్పే వోలుస్పా పద్యం చివర్లో, పైనుంచి ఒక మహాబలుడు తీర్పు చెప్పడానికి దిగివస్తాడనే చరణం 14వ శతాబ్దపు హౌక్స్‌బోక్ ప్రతిలో ఉంది, కోడెక్స్ రెజియస్‌లో లేదు.

బయటివాళ్ల రాతలు కూడా ఉన్నాయి. రోమన్ రచయిత టాసిటస్ క్రీ.శ. 98లో, నార్స్‌వాళ్లు కూడా చేరే జర్మానిక్ తెగల గురించి రాశాడు. బాగ్దాద్ నుంచి వెళ్లిన ఇబ్న్ ఫద్లాన్ 922లో వోల్గా నది ఒడ్డున ఒక నార్స్ నాయకుడికి ఓడతో సహా జరిగిన దహనాన్ని కళ్లారా చూసి రాశాడు. 1070ల్లో జర్మనీలోని బ్రేమెన్‌కు చెందిన ఆడమ్, స్వీడన్‌లోని ఉప్సాలా గుడిలో మూడు విగ్రహాలు ఉంటాయని, మధ్యలోది థోర్‌దని రాశాడు, కానీ ఆయన అక్కడికి వెళ్లినవాడు కాదు.

రాతల కంటే నేల చెప్పేది ఒక్కోసారి గట్టి సాక్ష్యం. డెన్మార్క్‌లో ఓడెన్స నగరం పేరులోనే ఓడిన్ ఉన్నాడు. ఉల్ అనే దేవుడికి ఎడ్డాల్లో కథంటూ దాదాపు లేదు, కానీ స్వీడన్, నార్వేల్లో ఆయన పేరుతో ఎన్నో ఊళ్లున్నాయి. ఒకప్పుడు పెద్ద దేవుడే అయ్యుండాలి. కథలన్నిటిలో తిరిగే లోకి పేరుతో మాత్రం ఖాయంగా చెప్పగలిగే ఊరు ఒక్కటీ లేదు. డెన్మార్క్‌లో యూట్‌లాండ్ ప్రాంతంలోని విందెలెవ్‌లో 2020లో దొరికిన బంగారు నిధిలో ఒక బిళ్ల మీద "అతడు ఓడిన్ మనిషి" అని రూన్లలో ఉందని 2023లో ప్రకటించారు. అది 5వ శతాబ్దపు మొదటి భాగానిది. ఓడిన్ పేరుకు ఇప్పటిదాకా దొరికిన అతి పాత సాక్ష్యం అదే. ఆ వార్త వచ్చిన రోజు ఇక్కడ ఆఫీసులో కూడా దాని గురించే మాట్లాడుకున్నారు.

ఇక ఇంద్రుడి సంగతి. స్నోరి తన ముందుమాటలో ఈ దేవుళ్లు నిజానికి ఆసియా నుంచి, గ్రీకు కథల్లోని ట్రాయ్ నగరం నుంచి వచ్చిన రాజులని రాశాడు. దీన్ని పట్టుకుని "ఓడిన్ భారతదేశం నుంచి వెళ్లాడు" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, నమ్మకండి. తమ వంశాన్ని ట్రాయ్‌కు ముడిపెట్టుకోవడం ఆ రోజుల్లో యూరప్ అంతటా ఉన్న అలవాటు. క్రైస్తవుడై ఉండి పాత దేవుళ్ల కథలు చెప్పడానికి స్నోరికి అది ఒక దారి కూడా.

నిజమైన బంధం ఇంకా లోతుల్లో ఉంది. సంస్కృతం, పాత నార్స్ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చిన భాషలు. ఉరుముల దేవుడు మహాసర్పంతో పోరాడటం రెండు చోట్లా ఉంది: ఇంద్రుడు వృత్రుణ్ని చంపుతాడు, థోర్ ఆ సముద్రసర్పంతో తలపడతాడు. ఒకరు ఇంకొకరిని చూసి నేర్చుకున్నారనడం కంటే, ఇద్దరూ ఒకే పాత కథను పంచుకున్నారనడం సబబు. నాకు దీనికంటే గట్టిగా అనిపించే సాక్ష్యం ఒక మంత్రం. జర్మనీలోని మెర్స్‌బుర్గ్‌లో 1841లో దొరికిన 10వ శతాబ్దపు రాతలో, బెణికిన గుర్రం కాలికి ఓడిన్ (అక్కడ వోడన్) "ఎముకకు ఎముక, రక్తానికి రక్తం, అవయవానికి అవయవం" అని మంత్రం వేస్తాడు. అథర్వవేదం నాలుగో కాండలో విరిగిన అవయవం అతకడానికి చెప్పే సూక్తం కూడా మజ్జ మజ్జతో, చర్మం చర్మంతో, మాంసం మాంసంతో కలవాలంటుంది. దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు స్నోరి ఎడ్డాలోని గిల్వగిన్నింగ్ భాగం చదవండి, ముఖ్యమైన కథలు చాలావరకు వరసగా ఉంటాయి. తర్వాత వోలుస్పా, ఆపైన థోర్ సుత్తి పోగొట్టుకుని పెళ్లికూతురి వేషం వేసే థ్రిమ్స్‌క్విథ. ఇంగ్లిష్ అనువాదం కొనేటప్పుడు కింద వివరణలు ఉన్న ప్రతినే తీసుకోండి, అవి లేకపోతే పేర్ల మధ్య దారి తప్పుతారు. నెట్‌లో తొమ్మిది లోకాల పటాలు చాలా కనిపిస్తాయి. పాత పద్యాలు తొమ్మిది లోకాలున్నాయని అంటాయే కానీ వాటి పూర్తి జాబితా ఎక్కడా ఇవ్వవు, ఆ పటాలు ఇప్పటివాళ్లు గీసుకున్నవి.