ఐఈఎల్టీఎస్ చదువు, రాత: కంఠస్థం చేసిన వ్యాసాలతో బ్యాండ్ ఎందుకు పెరగదు?

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లిష్ బోధిస్తున్నాను. విదేశాల్లో పీజీ చేయాలనుకుంటున్న మా పూర్వ విద్యార్థులు కొందరు ఇంగ్లిష్ ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్టీఎస్ అకడమిక్ పరీక్షకు సాయం చేయమని అడిగారు. వీరిలో ఎక్కువమంది పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారే. వినడం, మాట్లాడడంలో ఫర్వాలేదు గానీ రీడింగ్, రైటింగ్‌లలో 5.5 బ్యాండ్ (9కి ఇచ్చే స్కోరు) దగ్గరే ఆగిపోతున్నారు. వీరు చేరిన శిక్షణ కేంద్రంలో నమూనా వ్యాసాలను బట్టీ పట్టిస్తున్నారు. నేను ఏ పద్ధతిలో చెప్పాలి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: ముందుగా ఆ నమూనా వ్యాసాలను పక్కన పెట్టించండి. రైటింగ్‌ను దిద్దే పరీక్షకులు నాలుగు అంశాలు చూస్తారు: అడిగినదానికి ఎంతవరకు స్పందించారు, భావాలు ఒకదానితో ఒకటి ఎలా పొసిగాయి, పదసంపద ఎంత, వ్యాకరణం ఎంత వైవిధ్యంగా, ఎంత నిర్దుష్టంగా ఉంది. నాలుగింటికీ సమాన విలువ ఉంటుంది. బట్టీ పట్టిన వ్యాసం మొదటి అంశంలోనే దెబ్బతింటుంది, ఎందుకంటే అది వేరే ప్రశ్నకు రాసిన జవాబు. పైగా బట్టీ వాక్యాలు నునుపుగా ఉండి, విద్యార్థి సొంతంగా రాసిన వాక్యాలు తడబడితే ఆ తేడా అనుభవజ్ఞుడైన పరీక్షకుడికి వెంటనే తెలిసిపోతుంది. మన పిల్లలకు తెలివి తక్కువై బ్యాండ్ ఆగిపోవడం లేదు. ప్రశ్నను చదివి సొంతంగా ఆలోచించే అవకాశాన్ని వారికి ఎవరూ ఇవ్వకపోవడం వల్లే ఆగిపోతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక రీడింగ్ సంగతి. 60 నిమిషాల్లో మూడు పాఠ్యభాగాలు చదివి 40 ప్రశ్నలకు జవాబులివ్వాలి. మూడూ కలిపి రెండు వేల పదాలు దాటుతాయి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. సుమారుగా 23 సరైన జవాబులకు 6 బ్యాండ్, 30కి 7 బ్యాండ్ వస్తాయి. అంటే ఒక మెట్టు ఎక్కడానికి అదనంగా కావలసినవి ఏడు జవాబులే, ఆ ఏడూ తరచుగా పోయేది ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ ప్రశ్నల్లోనే (ఇచ్చిన వాక్యం పాఠం ప్రకారం నిజమా, అబద్ధమా, లేక పాఠంలో ఆ విషయమే లేదా అని తేల్చేవి). వీటిని తరగతిలో మనకు తెలిసిన విషయంతో మొదలుపెట్టండి. ‘ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో గోదావరిపై ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది’ అన్న వాక్యాన్ని బోర్డుపై రాయండి. ‘ఆ ఆనకట్ట 1850కి ముందే పూర్తయింది’ అంటే ఫాల్స్, ఎందుకంటే పాఠం దానికి విరుద్ధంగా చెబుతోంది. ‘ఆ ఆనకట్ట వల్ల గోదావరి జిల్లాల్లో వరి సాగు పెరిగింది’ అంటే చాలామంది ట్రూ అని రాస్తారు. అది నిజమే కావచ్చు, కానీ బోర్డుపై ఉన్న వాక్యంలో ఆ మాట లేదు, కనుక నాట్ గివెన్. తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి పాఠంలో ఉన్నదాన్నే చూడడం ఇక్కడ నేర్పవలసిన అలవాటు. ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యం కింద గీత గీయించండి. గీత గీయడానికి వాక్యం దొరకనప్పుడు అది నాట్ గివెన్ కావచ్చని వారికే స్ఫురిస్తుంది.

మొదటి నెలలో గడియారం పెట్టవద్దని నా సలహా. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ఇంగ్లిష్‌లో పెద్ద వాక్యాన్ని చూడగానే మొదటి పదం నుంచి ఒక్కొక్కదానికీ అర్థం వెతుకుతాడు. ముందు కర్త ఏది, ప్రధాన క్రియ ఏది అని పట్టుకోవడం అలవాటైతే మిగిలిన భాగం దానికదే సర్దుకుంటుంది. వేగం ఆ తర్వాత వస్తుంది. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో మాత్రం ఒక జాగ్రత్త చెప్పండి: ‘రెండు పదాలకు మించకూడదు’ అని ఉన్నచోట మూడు రాస్తే జవాబు సరైనదైనా మార్కు రాదు. స్పెల్లింగ్ తప్పినా అంతే.

రైటింగ్‌కు కూడా ఒక గంటే. మొదటి టాస్క్‌లో గ్రాఫ్, పట్టిక, మ్యాపు వంటిదాన్ని కనీసం 150 పదాల్లో వివరించాలి. రెండో టాస్క్‌లో కనీసం 250 పదాల వ్యాసం రాయాలి. రెండో టాస్క్ విలువ మొదటిదానికి రెట్టింపు కాబట్టి 20 నిమిషాలు, 40 నిమిషాలుగా సమయాన్ని పంచుకోవడం మంచిది. గ్రాఫ్ దగ్గర మన విద్యార్థులు కనిపించిన ప్రతి అంకెనూ రాసుకుంటూ పోతారు. అంకెలన్నీ ఉన్నా ‘మొత్తం మీద ఏది పెరిగింది, ఏది తగ్గింది’ అని స్పష్టంగా చెప్పే వాక్యం లేకపోతే మంచి బ్యాండ్ రాదు. అందుకే కొన్నాళ్లపాటు గ్రాఫ్ చూపించి అలాంటి ఒకటి రెండు వాక్యాలు మాత్రమే రాయించండి. పూర్తి జవాబు తర్వాత సంగతి. ఈ టాస్క్‌లో కారణాలు ఊహించడం, సొంత అభిప్రాయం చెప్పడం అనవసరం.

వ్యాసం విషయంలో, కలం పట్టే ముందు ఐదు నిమిషాలు తెలుగులో చర్చ జరగనివ్వండి. దీన్ని కొందరు అధ్యాపకులు ఒప్పుకోరని తెలుసు, అయినా మీ విద్యార్థులకు ఇది అవసరం. ‘నగరాల్లో సొంత వాహనాలపై ఆంక్షలు పెట్టాలా?’ అన్న ప్రశ్నకు హైదరాబాద్ ట్రాఫిక్‌ను, మెట్రోను, ఊరి నుంచి బస్సు దొరకని ఇబ్బందిని తెచ్చి మాట్లాడగలిగినవారికి ఇంగ్లిష్‌లో రాయడానికి సరుకు ఉంటుంది. ప్రతి పేరాలో ఒకే వాదన, దానికి కారణం, ఒక ఉదాహరణ ఉంటే చాలు. దిద్దేటప్పుడు ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో నింపకుండా, వారానికి ఒక రకాన్నే పట్టుకోండి. తెలుగులో లేని ఆర్టికల్స్ (a, an, the) ఒక వారం, కర్తకు క్రియ పొసగకపోవడం మరో వారం. దిద్దిన వ్యాసాన్ని మళ్లీ రాయించడం తప్పనిసరి. కొత్త వ్యాసాలు పది రాయడం కన్నా నాలుగింటిని తిరగరాయడం వల్లే రాత బాగుపడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6.5 వచ్చాయి. విశ్వవిద్యాలయం మొత్తం 6.5, దేనిలోనూ 6కు తగ్గకూడదు అంటోంది. పరీక్ష మొత్తం మళ్లీ రాయాలా?
– ఒక తండ్రి

జవాబు: నాలుగింటి సగటు 6.375. దాన్ని దగ్గరి అర బ్యాండ్‌కు సవరిస్తారు కాబట్టి మొత్తం 6.5 వచ్చినట్లే. అడ్డు రైటింగ్ ఒక్కటే. కంప్యూటర్‌పై పరీక్ష రాసినవారు అసలు పరీక్ష తేదీ నుంచి 60 రోజుల లోపు ఒక్క విభాగాన్ని మాత్రమే తిరిగి రాసే అవకాశం ఉంది. అయితే తొందరపడి దగ్గరి తేదీ తీసుకోవద్దు. అబ్బాయి ఇంట్లో సమయం పెట్టుకొని రాసిన రెండు మూడు వ్యాసాలను మంచి అధ్యాపకుడికి చూపించి, లోపం ప్రశ్నను అర్థం చేసుకోవడంలో ఉందా, వ్యాకరణంలో ఉందా అన్నది ముందు తేల్చుకోండి. ఇలా ఒక్క విభాగం తిరిగి రాసిన ఫలితాన్ని అన్ని విద్యాసంస్థలూ అంగీకరించవు. అందువల్ల ఆ విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాసి, వారు ఒప్పుకుంటారని రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఫీజు కట్టండి. వీసాకు కూడా ఆ ఫలితం చెల్లుతుందో లేదో అప్పుడే కనుక్కోండి.