యాంకరింగ్ కోర్సుకు 80 వేలు కట్టాలా? పదకొండేళ్లు న్యూస్ డెస్కులో కూర్చున్న నా జవాబు

మీరు అడిగింది ఇది: తమ్ముడు నల్గొండలో బీకాం చివరి ఏడాది. టీవీలో న్యూస్ యాంకర్ కావాలని పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ మూడు నెలల కోర్సుకు 80 వేలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. ఫీజు కట్టాలా, ఈ లైన్‌లో వాడు నిలబడగలడా, నల్గొండ యాస అడ్డమవుతుందా?

ఫీజు కట్టకండి. మిగతా రెండింటికీ జవాబు కాస్త పొడుగు.

నేను రాయలసీమ పిల్లని. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా, అంటే డ్యూటీ ఉన్న రోజే పిలిచే అనౌన్సర్‌గా చేశాను. తర్వాత జర్నలిజం పీజీ. 2009 నుంచి పదకొండేళ్లు హైదరాబాద్‌లో రెండు తెలుగు న్యూస్ ఛానళ్ల డెస్కులో, అంటే వచ్చిన వార్తను తెరకు తగ్గట్టు తిరగరాసే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఇంటి నుంచే స్క్రిప్టులు రాస్తాను, వాయిస్ ఓవర్ చెబుతాను. ఇన్నేళ్లలో తెరమీద కనిపించింది ఒకే ఒక్కసారి, అదీ యాంకర్ వెనకాల న్యూస్‌రూమ్ షాట్‌లో టిఫిన్ బాక్స్ మూత తీస్తూ. మా అమ్మ దాన్నే ఏడాది పాటు ఊళ్లో చెప్పుకుంది.

ముందు ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి. ప్లేస్‌మెంట్ అంటే ఏ ఛానల్‌లో, ఏ పోస్టు, ఎంత జీతం అని కాగితం మీద రాసిమ్మని అడగండి. నాకు తెలిసిన ఇద్దరు పిల్లలు ఇలాంటి కోర్సులే చేశారు. గ్యారంటీ ఉద్యోగం చివరికి ఒక యూట్యూబ్ ఛానల్‌లో మూడు నెలలు జీతం లేని ఇంటర్న్‌షిప్‌గా తేలింది. ఆ కోర్సుల్లో నేర్పేది ప్రాంప్టర్ (కెమెరా దగ్గర వార్త అక్షరాలు కదిలే తెర) చూసి చదవడం, కెమెరా ముందు నిలబడే తీరు, మేకప్. అబద్ధం కాదు, అవి కావాలి. కానీ తెలుగు బాగా చదవగలిగినవాడికి ఛానల్‌లో చేరిన రెండు మూడు వారాల్లో వచ్చేస్తాయి. తెలుగు చదవలేనివాడికి మూడేళ్లయినా రావు. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు బులెటిన్ చదివిన శాంతిస్వరూప్ గారికి ప్రాంప్టరే లేదు. కాగితాలు ముందు పెట్టుకుని, చాలావరకు గుర్తుంచుకుని చదివేవారు. 2024లో ఆయన పోయినప్పుడు జనం తలుచుకున్నది ఆ స్పష్టమైన ఉచ్చారణనే.

ఇంకో లెక్క చూడండి. మా ఛానల్‌లో ఒక షిఫ్టుకు యాంకర్లు ముగ్గురో నలుగురో. అదే షిఫ్టులో వార్తలు తెప్పించే ఇన్‌పుట్ డెస్కు, వాటిని రాసి తెరకు పంపే అవుట్‌పుట్ డెస్కు, వీడియో ఎడిటర్లు, గ్రాఫిక్స్, పీసీఆర్‌లో (బులెటిన్ నడిపే కంట్రోల్ రూమ్) ప్యానెల్ ప్రొడ్యూసర్, సౌండ్, ప్రాంప్టర్ ఆపరేటర్, ఎంసీఆర్ (ప్రసారాన్ని బయటికి పంపే గది), బయట రిపోర్టర్లు, కెమెరామెన్, లైవ్ పంపే ఓబీ వ్యాన్ వాళ్లు కలిపి యాభై మందికి తక్కువ ఉండేవాళ్లం కాదు. అందరూ ఆ నాలుగు కుర్చీల కోసం క్యూ కడతారు. మిగతా యాభై కుర్చీల్లో మంచివాళ్లు దొరక్క ఇన్‌చార్జులు తల పట్టుకుంటారు. మీవాడు యాంకరే కావాలనుకున్నా దారి అటునుంచే. డెస్కులో చేరి వాయిస్ ఓవర్‌లు చెబుతూ, రాత్రి బులెటిన్‌కు యాంకర్ రాని రోజు కుర్చీలో కూర్చున్నవాళ్లనే నేను ఎక్కువమందిని చూశాను.

ఇక అసలు పని గురించి. దీన్నే కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు అన్నం పెట్టింది ఇదే. పోలీసుల ప్రెస్ నోట్ ఇలా వస్తుంది: "నిన్న రాత్రి సుమారు 11.45 గంటల సమయంలో జాతీయ రహదారిపై అతివేగంగా వచ్చిన లారీ అదుపుతప్పి ద్విచక్ర వాహనాన్ని ఢీకొనగా దానిపై ప్రయాణిస్తున్న ఇద్దరు వ్యక్తులు అక్కడికక్కడే మృతి చెందిన సంఘటన చోటుచేసుకుంది."

పేపర్లో అయితే కళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాయి. చెవికి ఆ సౌకర్యం లేదు. పైగా మన భాషలో క్రియ చివర్లో వస్తుంది. వాక్యం సాగిపోతే ఎవరికి ఏమైందో తేలేలోపు వినేవాళ్లు మొదలు మర్చిపోతారు. మా డెస్క్ ఇన్‌చార్జ్ దాన్ని ఇలా మార్పించారు: "బైకును లారీ ఢీకొట్టింది. బైకు మీదున్న ఇద్దరూ అక్కడికక్కడే చనిపోయారు. నిన్న అర్ధరాత్రికి కాస్త ముందు హైవే మీద ఈ ప్రమాదం జరిగింది." చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. రాత్రి షిఫ్టులో గంటకు పదిహేను ఇలాంటివి, పక్కన ఫోన్లు మోగుతుంటే, తప్పు లేకుండా రాయాలి. సాగర్‌కు 3,47,682 క్యూసెక్కుల వరద అని నోట్ వస్తే తెరమీద గ్రాఫిక్‌లో ఆ అంకె వేసుకోవచ్చు, యాంకర్ నోటికి మాత్రం "దాదాపు మూడున్నర లక్షల క్యూసెక్కులు" అనే ఇవ్వాలి. గేట్లు ఎత్తిన విజువల్ నడుస్తుంటే "గేట్లు ఎత్తారు" అని చెప్పడం వృథా. ఎన్ని ఎత్తారు, కింద ఏ ఊళ్లకు ముప్పు, అది చెప్పాలి.

ఈ పద్ధతి నాకు సగం రేడియోలోనే వచ్చింది. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లకు రాతపరీక్ష, ఆ తర్వాత వాయిస్ టెస్ట్ పెట్టేవాళ్లు. నా రోజుల్లో నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇచ్చేవాళ్లు కాదు, కాబట్టి దాన్ని ఉద్యోగం అనుకోవద్దు. కానీ పొలం పనుల కార్యక్రమంలో ఎరువుల మోతాదు చదువుతూ "చ" కీ "ౘ" కీ తేడా, ఒత్తులు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్చుకున్నది అక్కడే. హైదరాబాద్ కేంద్రం నుంచి క్యాజువల్ ప్రకటన పడితే మీవాణ్ణి తప్పకుండా రాయమనండి. ప్రైవేటు ఎఫ్‌ఎం వేరే కథ. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు, కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా ప్రసారం చేసుకోవచ్చు. వార్తలంటే ఇష్టమున్నవాడికి ఆర్జే పని నప్పదు. కబుర్లు, పాటలు, యాడ్ స్క్రిప్టులు ఇష్టమైతే బాగుంటుంది.

తప్పు చేసిన రోజు గురించి కూడా చెప్పాలి. చేరిన రెండో నెలలో బస్సు ప్రమాదం వార్త. ఫోన్‌లో స్ట్రింగర్ (ఊళ్ల నుంచి స్టోరీకి ఇంతని వార్తలు పంపేవాడు) గొంతు సరిగా వినపడలేదు. "తొమ్మిది మంది" అన్నది విన్నాను, గాయపడ్డారా పోయారా అని రెండోసారి అడగలేదు. "తొమ్మిది మంది మృతి" అని స్క్రోలింగ్ ఇచ్చేశాను. నాలుగు నిమిషాలు నడిచింది. ఆ బస్సులో కొడుకు ఉన్న ఒకావిడ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసింది. ఫోన్ నేనే ఎత్తాను. పోయింది ఇద్దరు, వాళ్ల అబ్బాయికి చెయ్యి విరిగింది. ఆ తర్వాత ఎవరు ఎంత తొందరపెట్టినా రెండోసారి అడగకుండా అంకె టైప్ చేయలేదు. పోటీ ఛానల్ కంటే ముప్పై సెకన్లు వెనకబడ్డామని మీటింగుల్లో తిట్లు తిన్నాను, తింటే తిన్నాను.

చదువు విషయం. యాంకర్ పోస్టుకు జర్నలిజం డిగ్రీ తప్పనిసరి అని మా దగ్గర ఎప్పుడూ అనలేదు. ఎమ్మెస్సీ వాళ్లు, ఎంఏ తెలుగు వాళ్లు, బీటెక్ వదిలి వచ్చినవాళ్లు బోలెడు. అయినా పీజీ చేయమనే చెబుతాను, ఖర్చు తక్కువ, లోపలికి వెళ్లే పరిచయాలు అక్కడే దొరుకుతాయి కాబట్టి. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది, ప్రవేశం సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది, వాళ్లకు బోల్ హైదరాబాద్ అనే సొంత కమ్యూనిటీ రేడియో కూడా ఉంది, మైకు చేతికి దొరుకుతుంది. ఢిల్లీలో ఐఐఎంసీ అనే కేంద్ర ప్రభుత్వ జర్నలిజం సంస్థకు పేరు గొప్పది, రేడియో టీవీ జర్నలిజం కోర్సు ఉంది. కానీ తెలుగు జర్నలిజం కోర్సు లేదు, ఇంగ్లిష్‌ మీదో హిందీ మీదో పట్టు ఉంటేనే అటు చూడాలి. తెలుగులోనే బతకాలనుకునేవాడికి నా దృష్టిలో అన్నిటికంటే మంచి దారి పత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు. ఈనాడు లాంటి చోట్ల పరీక్ష పెట్టి తీసుకుని, శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. అంటే ఒకచోట ఎదురు డబ్బిచ్చి నేర్పుతున్నారు, ఇంకోచోట మీరే 80 వేలు కట్టాలంటున్నారు. ఎడిటింగో సౌండో ఇష్టమైతే పుణెలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో టీవీ విభాగం ఏడాది కోర్సులు ఉన్నాయి, పోటీ గట్టిగా ఉంటుంది.

జీతాల గురించి దాచను. 2009లో నా మొదటి జీతం 7,500. అప్పుడు మాకు మంచి గిరాకీ. టీవీ9 2004లో వచ్చాక 2007లో ఎన్టీవీ, టీవీ5, 2009లో సాక్షి, ఏబీఎన్, హెచ్‌ఎంటీవీ ఇలా వరసగా ఛానళ్లు తెరుచుకున్నాయి. రాయగలిగినవాడు ఈ ఆఫీసులో లంచ్‌కు వెళ్లి ఆ ఆఫీసులో చేరేవాడు. ఇప్పుడు ఆ జాతర లేదు. నేను చేసిన రెండింటిలో ఒకచోట మూడు నెలలు జీతం ఆగింది, అద్దె కోసం గాజులు తాకట్టు పెట్టాను. నైట్ షిఫ్టు, పండక్కి సెలవు లేకపోవడం, ఎన్నికల కౌంటింగ్ రోజు పద్దెనిమిది గంటలు, ఇవన్నీ మామూలే. పెళ్లిచూపుల్లో "రాత్రిపూట ఏం ఉద్యోగం" అన్న ప్రశ్న ఆడపిల్లలకు అదనం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. నల్గొండలోనే స్ట్రింగర్‌గా చేరు, మైకుకు తగిలించుకునే ఛానల్ లోగో ఇస్తాం, ఇంత డిపాజిట్ కట్టు అని ఎవరైనా వస్తే గుమ్మం ఎక్కనివ్వకండి. స్ట్రింగర్లు అందరూ అలాంటివాళ్లు కాదు. మా డెస్కుకు ప్రాణం పెట్టి వార్తలు పంపినవాళ్లు ఉన్నారు, స్టోరీకి ఇంతని వచ్చే డబ్బు పెట్రోలుకే పోయేది. జీతం ఇవ్వకుండా యాడ్స్ తెమ్మనే చోట కుర్రాడు చేరితే, వాడు నేర్చుకునేది జర్నలిజం కాదు.

టీవీ తెర ఒక్కటే దారి కాదని కూడా వాడికి చెప్పండి. స్టార్ స్పోర్ట్స్ 2018 చివర్లో తెలుగు ఛానల్ పెట్టాక కామెంటరీ, స్క్రిప్టు పని కొత్తగా పుట్టింది. కేంద్ర ప్రభుత్వానికి ఢిల్లీలో ఎలక్ట్రానిక్ మీడియా మానిటరింగ్ సెంటర్ ఉంది. అక్కడ ఛానళ్లు చూస్తూ నమోదు చేయడమే ఉద్యోగం, తెలుగు వచ్చినవాళ్లూ కావాలి, బెసిల్ అనే ప్రభుత్వ సంస్థ కాంట్రాక్టు మీద తీసుకుంటుంది. నా పాత సహోద్యోగులు చాలామంది ఇప్పుడు వెబ్‌సైట్లకు, యూట్యూబ్‌కు రాస్తున్నారు. ఛానల్ మారినా, ప్లాట్‌ఫామ్ మారినా వాళ్లు మోసుకెళ్లింది రాత ఒక్కటే. ముఖంతో వచ్చినవాళ్లు కొందరు నలభై దాటాక ఇబ్బంది పడటం చూశాను.

యాస సంగతి. ఒకప్పుడు నిజంగానే అడ్డం. నా సీమ యాసను రేడియోలో సాపు చేశారు, నాకు కొంచెం బాధగానే ఉండేది. వీ6 వాళ్ల తీన్మార్ వార్తలు వచ్చాక లెక్క మారింది, తెలంగాణ యాసతోనే ఇంటింటికీ తెలిసిన ముఖాలు పుట్టాయి. అంతకుముందే, 2008లో, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. పెద్ద చదువులు లేని ఆ అక్కలే రికార్డింగ్, ఎడిటింగ్ చేసుకుని, తమ మాటతీరులోనే విత్తనాల గురించి, పంటల గురించి చెబుతారు. వీలైతే ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి, ఏ కోర్సూ అంత నేర్పదు. యాస ఉండనివ్వండి. "శ", "ష", "స" మాత్రం విడివిడిగా పలకాలి, అది యాస కాదు, బద్ధకం.

ఆ 80 వేలలో ఒక కాలర్ మైకు, మంచి హెడ్‌ఫోన్, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనండి. సగం పైగా మిగులుతుంది, పీజీ ఫీజుకు ఉంచండి. రోజూ ఒక ప్రెస్ నోట్‌ను పైన నేను చూపించినట్టు తిరగరాసి, ఫోన్‌లో చదివి, మర్నాడు వినమనండి. మీ నల్గొండ బత్తాయి రైతుల మీద ఒక స్టోరీ తీయమనండి: రెండు బైట్లు (రైతులు మాట్లాడిన ముక్కలు), తన గొంతుతో వాయిస్ ఓవర్, మొత్తం 90 సెకన్లు. అది ఇక్కడ పెడితే స్క్రిప్టు నేను దిద్దుతాను. ఎర్ర గీతలు ఎక్కువే ఉంటాయని ముందే చెప్పి ఉంచండి.